హంబకర్‌లో మాగ్నెట్ మార్చడం ఎలా? కొత్త పికప్ కొనే ముందు చేసి చూడాల్సిన పని

“సెరామిక్ తీసేసి అల్నికో వేస్తే నా గిటార్ టోన్ మారుతుందా?” విజయవాడ, గుంటూరుల్లో గిటార్ వాయించేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఎలక్ట్రిక్ గిటార్‌లో స్ట్రింగ్స్ కింద ఉండి వాటి కదలికను కరెంటుగా మార్చే భాగం పికప్, రెండు కాయిల్స్ ఉన్న పికప్ హంబకర్, సెరామిక్, అల్నికో అనేవి దాని లోపలి మాగ్నెట్ రకాలు. చర్చి క్వయర్‌లో వాయించేవాళ్లు డిసెంబర్ ప్రోగ్రాములకు ముందు అడుగుతారు, కాలేజీ బ్యాండ్ వాళ్లు ఫెస్ట్ ముందు అడుగుతారు, రిసెప్షన్లకు ఆర్కెస్ట్రాతో వెళ్లేవాళ్లు ఏడాది పొడవునా అడుగుతారు. విడివిడిగా జవాబు చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

చిన్న జవాబు: మారుతుంది. అయితే గిటారే మారిపోయిందనిపించేంత తేడా రాదు. పికప్ ఎత్తును రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ చేస్తే వచ్చే తేడా చాలాసార్లు మాగ్నెట్ మార్చితే వచ్చే తేడా కంటే పెద్దది. కాబట్టి ముందు ఎత్తు, తర్వాత మాగ్నెట్, ఆ రెండూ అయ్యాకే కొత్త పికప్. ఈ వరస తప్పి డబ్బు తగలేసినవాళ్లను చాలామందిని చూశాను.

మీ పికప్‌లో మాగ్నెట్ మార్చడానికి వీలుందా?

ముందు ఇది తేల్చుకోండి. లేకపోతే మంచి పికప్ పాడైపోతుంది.

రెండు కాయిల్స్ పక్కపక్కన ఉండి, ఒక వరసలో తిప్పే స్క్రూలు, ఇంకో వరసలో నున్నటి ఉక్కు స్లగ్‌లు (తిప్పడానికి వీల్లేని కడ్డీలు) కనిపిస్తే అది మామూలు హంబకర్. వెనక బేస్‌ప్లేట్ మీద నాలుగు చిన్న స్క్రూలు ఉంటాయి. ఈ గైడ్ దాని గురించే. గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన డిజైన్ ఇది. ఇవాళ చౌక గిటార్లలో వచ్చే హంబకర్‌లో కూడా లోపలి అమరిక దాదాపు అదే.

ఫెండర్ తరహా సింగిల్ కాయిల్ అయితే జాగ్రత్త. అసలు డిజైన్‌లో స్ట్రింగ్స్ కింద కనిపించే ఆరు పోల్సే (కడ్డీలే) ఆరు మాగ్నెట్లు. కాయిల్ వైరును నేరుగా వాటి చుట్టూ చుడతారు. ఒక్క పోల్‌ను కిందకి తోసినా లోపలి వైరు తెగుతుంది, పికప్ చచ్చిపోతుంది. వాటి జోలికి వెళ్లకండి. చౌక సింగిల్ కాయిల్స్‌లో పోల్స్ ఉత్త ఉక్కువి, అడుగున సెరామిక్ బార్ అంటించి ఉంటుంది. తిప్పి చూస్తే నల్లటి బార్ కనిపిస్తుంది. దాన్ని పీకి అల్నికో బార్ అంటించొచ్చా అంటే, చేయొచ్చు కానీ శబ్దం బలహీనంగా వస్తుంది. దానికి పడే శ్రమతో పోలిస్తే అల్నికో రాడ్లున్న సెట్ కొనుక్కోవడం మేలు.

నల్లటి ఎపాక్సీ పోసి మూసేసిన యాక్టివ్ (బ్యాటరీతో పనిచేసే) పికప్‌లను ఇంట్లో విప్పలేం. పీ-90 పికప్‌లకు (గిబ్సన్ పాత రకం సింగిల్ కాయిల్) మాత్రం ఈ పద్ధతి కొంతవరకు పనికొస్తుంది. అందులో అడుగున రెండు బార్లు ఉంటాయి, రెండింటి ఒకే ధ్రువం మధ్యలో ఉన్న స్క్రూల వైపు చూడాలి. ఒకదాన్ని తిరగేసి పెడితే శబ్దం సగం చచ్చిపోతుంది.

ఏ మాగ్నెట్ ఏం చేస్తుంది

స్ట్రింగ్ ఉక్కుది. మాగ్నెట్ దాన్ని అయస్కాంతంగా మారుస్తుంది. అది కదిలితే కాయిల్‌లో కరెంటు పుడుతుంది. మాగ్నెట్ బలం పెరిగితే శబ్దం పెరుగుతుంది. మాగ్నెట్ ఏ పదార్థంతో చేశారన్నదాన్ని బట్టి కాయిల్ ఇండక్టెన్స్ కొంచెం అటూ ఇటూ అవుతుంది, దాంతో ట్రెబుల్ మారుతుంది. మన పనికి ఈ థియరీ చాలు.

అల్నికో అంటే ఇనుములో అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపి చేసిన లోహం. పక్కన ఉండే నంబరు రకాన్ని చెబుతుంది, బలాన్ని కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. అల్నికో 3 అనేది 2 కంటే కూడా కాస్త బలహీనం. పేరులో ‘కో’ ఉన్నా 3లో కోబాల్టే ఉండదు.

అల్నికో 2: మెత్తటి శబ్దం. పిక్ తగిలినప్పుడు అంచు గుచ్చుకోదు, బేస్ కొంచెం వదులుగా ఉంటుంది. బ్రిడ్జ్ పికప్ (స్ట్రింగ్స్ ఆనే బ్రిడ్జ్ వైపు ఉన్నది) చెవిలో గుచ్చుతోందనేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. మెలొడీలు వాయించేవాళ్లకు, బెండ్‌లూ గమకాలూ ఎక్కువగా వాడేవాళ్లకు బాగా నప్పుతుంది.

అల్నికో 3: అన్నిటికంటే తక్కువ లాగుడు. క్లీన్ టోన్‌లో స్పష్టంగా ఉంటుంది. నెక్ పికప్ (నెక్ వైపు ఉన్నది) బురదగా వినిపిస్తుంటే ప్రయత్నించండి. 1950ల మొదట్లో ఫెండర్ టెలికాస్టర్లలో ఉన్నది ఇదే.

అల్నికో 4: రెండుకీ ఐదుకీ మధ్యలో ఉంటుంది. దీని గురించి పేజీలకు పేజీలు రాసేవాళ్లున్నారు. బ్యాండ్‌తో కలిసి వాయిస్తుంటే 3కీ 4కీ తేడా ఎవరూ పట్టలేరని నా అభిప్రాయం.

అల్నికో 5: ఎక్కువ పికప్‌లలో కనిపించేది ఇదే. శబ్దం పెద్దది, బేస్ గట్టిగా, ట్రెబుల్ మెరుస్తూ ఉంటుంది, మధ్యలో కొంచెం లోతు పడుతుంది. తయారీలో అయస్కాంత క్షేత్రం లోపల చల్లార్చడం వల్ల దీనికి ఒక దిశలో బలం వస్తుంది. 2, 3లకు అలా చేయరు.

అల్నికో 8: దాదాపు సెరామిక్ అంత బలం ఉంటుంది, మిడ్స్ మాత్రం ఎక్కువ. లీడ్ ముందుకు రావాలంటే బాగుంటుంది.

సెరామిక్: అంటే ఫెర్రైట్. శబ్దం బిగువుగా ఉంటుంది, పైభాగం పదునుగా ఉంటుంది, ఎక్కువ గెయిన్‌లో (డిస్టార్షన్ పెంచినప్పుడు) కూడా స్ట్రింగ్స్ విడివిడిగా వినిపిస్తాయి. ‘సెరామిక్ అంటే చౌక సరుకు’ అనే మాట నమ్మకండి. 1972లో వచ్చిన డిమార్జియో సూపర్ డిస్టార్షన్‌లో ఉన్నది సెరామిక్కే, ఇప్పటికీ అమ్ముడవుతోంది. చౌక గిటార్లలో శబ్దం బాగాలేకపోతే దానికి కారణం చాలాసార్లు కాయిల్, పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగాలు), తప్పు ఎత్తు. నింద మాత్రం మాగ్నెట్ మీద పడుతుంది.

1950ల చివర్లో గిబ్సన్ తన హంబకర్లలో చేతికి అందిన అల్నికో రకం వేసేసేది. పీఏఎఫ్ (పేటెంట్ అప్లైడ్ ఫర్) అని పిలిచే ఆ పాత పికప్‌లు ఒక్కొక్కటి ఒక్కోలా పలకడానికి అది ఒక కారణం, కాయిల్ చుట్లు సమానంగా లేకపోవడం ఇంకో కారణం. అందుకే ‘పీఏఎఫ్ టోన్ కావాలంటే ఏ మాగ్నెట్?’ అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు.

మాగ్నెట్ కొనే ముందు అరగంట

కొత్త స్ట్రింగ్స్ వేయండి. కృష్ణ ఒడ్డున ఉక్క, చెమట కలిసి మన దగ్గర స్ట్రింగ్స్ త్వరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన స్ట్రింగ్స్ మీద ఏ మాగ్నెట్ గురించీ తీర్పు చెప్పలేం.

ఆఖరి ఫ్రెట్ దగ్గర ఆరో స్ట్రింగ్ నొక్కి పట్టుకుని, స్ట్రింగ్ అడుగు నుంచి పోల్ పై దాకా కొలవండి. ఒకటో స్ట్రింగ్ వైపు కూడా అలాగే. హంబకర్‌కు బ్రిడ్జ్ దగ్గర సుమారు 1.6 మిల్లీమీటర్లు, నెక్ దగ్గర 2.4 మిల్లీమీటర్లు మంచి మొదలు. శబ్దం గుచ్చుతుంటే బ్రిడ్జ్ పికప్‌ను ఒక మిల్లీమీటరు దించి వినండి. నెక్ బురదగా ఉంటే దాన్నీ దించి, స్క్రూ పోల్స్‌ను అర చుట్టు పైకి తీసి వినండి. ఇక్కడితోనే సమస్య తీరిపోయి మాగ్నెట్ కొనకుండా ఆగినవాళ్లున్నారు.

వాల్యూమ్ పాట్ విలువ కూడా చూడండి. హంబకర్‌కు మామూలుగా 500 కిలో ఓమ్స్. కొన్ని గిటార్లలో 250 వేసేస్తారు, అప్పుడు ట్రెబుల్ తగ్గి మొత్తం మసకగా వినిపిస్తుంది. అది మాగ్నెట్ మార్చితే పోదు. ఇంకోటి, ఇంట్లో ప్లగ్ పాయింట్‌కు ఎర్త్ సరిగ్గా లేకపోతే వచ్చే హమ్‌కూ మాగ్నెట్‌కూ ఏ సంబంధమూ లేదు.

కావలసినవి

- చిన్న స్టార్ స్క్రూడ్రైవర్లు రెండు సైజుల్లో
- మల్టీమీటర్. మామూలు డిజిటల్‌ది చాలు
- చిన్న దిక్సూచి. ఫోన్‌లో ఉండే కంపాస్ వద్దు, మాగ్నెట్ దగ్గరికి తెస్తే దాని సెన్సర్ తిక్క తిక్కగా చూపిస్తుంది
- మాస్కింగ్ టేపు, సన్న మార్కర్
- ఐస్‌క్రీం పుల్లలు రెండు మూడు
- ప్లాస్టిక్ స్కేలు. స్టీలు స్కేలును పికప్ లాగేసుకుంటుంది, కొలత తప్పుతుంది
- హెయిర్ డ్రయ్యర్
- కొత్త మాగ్నెట్. మామూలు సైజు పొడవు 63.5, వెడల్పు 12.7, మందం 3.2 మిల్లీమీటర్లు

ఇందులో చాలావరకు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. విడి అల్నికో బార్ కోసం మాత్రం మ్యూజిక్ షాపుల చుట్టూ తిరగకుండా పికప్ విడిభాగాలు అమ్మేవాళ్ల దగ్గర ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. ఆర్డర్ చేసేటప్పుడు ‘హంబకర్ బార్, వెడల్పు దిశలో మాగ్నెటైజ్ చేసినది’ అని చూసుకోండి. పొడవాటి రెండు అంచుల్లో ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం కావాలి. సైన్స్ ప్రాజెక్టులకు అమ్మే బార్లలో ధ్రువాలు రెండు కొసల్లోనో, పైనా కిందా ముఖాల్లోనో ఉంటాయి. అవి ఇక్కడ పనికిరావు.

మందం ఎక్కువ ఉన్న సెరామిక్ బార్ వస్తే ఆటోనగర్‌లో గ్రైండ్ చేయిస్తే పోలా అని అడిగినవాళ్లూ ఉన్నారు. వద్దు. సెరామిక్ పెళుసుగా ఉంటుంది, పగులుతుంది. పగలకపోయినా ఆ పొడి పికప్‌ను పట్టుకుంటే వదలదు. వెనక్కి పంపి సరైన సైజు తెప్పించుకోండి.

నియోడిమియం మాగ్నెట్లు ఈ బల్ల దరిదాపుల్లో ఉండకూడదు. అల్నికో బలాన్ని చుట్టుపక్కల ఉన్న బలమైన మాగ్నెట్ తేలిగ్గా పాడుచేస్తుంది. ఫోన్ కవర్‌లో ఉండే మాగ్నెట్‌ను కూడా పక్క గదిలో పెట్టండి.

పని మొదలు

1. ముందు రికార్డ్ చేయండి. ఫోన్‌లో అయినా పర్లేదు, ఇంటర్‌ఫేస్ ఉంటే ఇంకా మంచిది. యాంప్ సెట్టింగులు ఫోటో తీసుకోండి. ఒకే కార్డ్ ప్రోగ్రెషన్, ఒక లీడ్ ముక్క, క్లీన్‌లో ఒకసారి, గెయిన్‌లో ఒకసారి. ఇది లేకుండా మాగ్నెట్ మార్చినవాళ్లకు ‘భలే మారింది’ అని అనిపించడం ఖాయం. మార్చింది తామే కాబట్టి.

2. రెసిస్టెన్స్ రాసుకోండి. గిటార్ విప్పక్కర్లేదు. కేబుల్ ఒక చివర గిటార్‌లో పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తెరిచి, మార్చబోయే పికప్ ఒక్కటే ఎంచుకుని, రెండో చివర ప్లగ్ టిప్‌కీ (కొసకీ) స్లీవ్‌కీ (దాని ఒంటికీ) మధ్య కొలవండి. మామూలు హంబకర్‌కు 7 నుంచి 9 కిలో ఓమ్స్, హాట్ పికప్‌కు (ఎక్కువ శబ్దమిచ్చే రకానికి) 14 నుంచి 17 కూడా ఉండొచ్చు.

3. ఫేజ్ చూసుకోండి, అంటే పికప్ సిగ్నల్ ప్లస్ వైపు మొదలవుతుందా మైనస్ వైపా అన్నది. మీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల మీద పెట్టి, అదే కేబుల్ చివర ఉంచండి. స్క్రూడ్రైవర్‌ను పోల్స్ మీద ఆనించి ఒక్కసారి పైకి లాగండి. అంకె ప్లస్‌లోకి ఎగిరిందా మైనస్‌లోకా రాసుకోండి. మీటర్ నెమ్మదిది అయితే ఇది దొరకదు, రెండు మూడుసార్లు లాగి చూడండి.

4. ఎత్తు రాసుకోండి. రెండు వైపులా.

5. స్ట్రింగ్స్ తీసి, గిటార్ బాడీ మీద మెత్తటి గుడ్డ పరవండి. పికప్ రింగ్ నాలుగు స్క్రూలు విప్పండి. ఎత్తు స్క్రూలను ముట్టుకోకండి. ముట్టుకుంటే స్ప్రింగ్ ఎగిరి మంచం కిందకి పోతుంది, ఆ రోజంతా అదే వెతుకులాట. వైర్లకు కొంచెం వదులు ఉంటే పికప్‌ను తిరగేసి అక్కడే పని చేయొచ్చు, టంకం అక్కర్లేదు. వదులు లేకపోతే కంట్రోల్ క్యావిటీలో ఫోటో తీసుకుని, టంకం విడదీయండి.

6. మెటల్ కవర్ ఉందా? అయితే ఇక్కడ ఆగి ఆలోచించండి. కవర్ బేస్‌ప్లేట్‌కు రెండు చోట్ల టంకంతో అతికి ఉంటుంది. దాన్ని విడదీయడానికి చిన్న 25 వాట్ల ఐరన్ చాలదు. చాలని ఐరన్‌ను చాలాసేపు ఆనిస్తే లోపల కాయిల్ మాడుతుంది. టంకం పనిలో చేయి తిరగని వాళ్లు పికప్‌ను ఎలక్ట్రానిక్స్ రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, కవర్ ఒక్కటే తీయమని చెప్పండి. ‘కాయిల్ టేపు విప్పొద్దు’ అని కూడా చెప్పండి.

7. పికప్ తిరగేస్తే బేస్‌ప్లేట్ మీద నాలుగు చిన్న స్క్రూలు కనిపిస్తాయి. వాటిని రెండు మూడు చుట్లు వదులు చేయండి. పూర్తిగా తీయొద్దు. పూర్తిగా తీస్తే రెండు బాబిన్లూ (కాయిల్ చుట్టిన ప్లాస్టిక్ చట్రాలు) విడిపోయి మధ్యలో ఉన్న సన్న వైర్లు తెగుతాయి. కాయిల్‌లో ఉండేది సాధారణంగా 42 గేజ్ వైరు, మందం 0.063 మిల్లీమీటరు. మోటార్ వైండింగ్ షాపులో చూసే రాగి వైరు ముందు ఇది వెంట్రుక.

8. మాగ్నెట్ దిశ గుర్తు పెట్టండి. పక్కనుంచి చూస్తే బార్ కొస కనిపిస్తుంది. ఒక వైపు స్క్రూల కింద ఉండే ఉక్కు పట్టీ, మరో వైపు స్లగ్‌లు, మధ్యలో మాగ్నెట్. దిక్సూచిని స్క్రూ పోల్స్ పైన పెట్టి, ముల్లు ఏ కొసతో అటు తిరిగిందో రాసుకోండి. తర్వాత బార్ కొస మీద మార్కర్‌తో పైవైపు ఒక చుక్క, స్క్రూల వైపు ఒక గీత పెట్టండి. మొత్తం పనిలో చాలామంది వదిలేసే మెట్టు ఇదే, తర్వాత తల పట్టుకునేదీ దీనికే.

9. ఐస్‌క్రీం పుల్లతో బార్‌ను ఒక కొస నుంచి తోయండి. మెల్లగా, నిటారుగా. రెండో వైపు నుంచి బయటికి వస్తుంది. కదలకపోతే తయారీలో లోపల పట్టించిన మైనం పట్టుకుని ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో అరచేయి ఓర్చుకునే వేడి వచ్చేదాకా వెచ్చ చేసి మళ్లీ తోయండి. గ్యాస్ స్టవ్ దగ్గరికి తీసుకెళ్లొద్దు, మైనం మండుతుంది, బాబిన్ వంగిపోతుంది. బాబిన్ల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

10. కొత్త బార్ దిశ కలపండి. దీనికి దిక్సూచి లేకపోయినా ఒక ఉపాయం ఉంది. పాత బార్‌నూ కొత్త బార్‌నూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, పొడవాటి అంచును పొడవాటి అంచుకు దగ్గర చేయండి. అతుక్కుంటే రెండూ ఒకే దిశలో ఉన్నట్టు. తోసుకుంటే కొత్తదాన్ని పొర్లించి పెట్టండి. అతుక్కున్న స్థితిలోనే పాతదాని మీద ఉన్న గుర్తులను కొత్తదాని మీద కూడా గీసుకోండి. ఒకదాని మీద ఒకటి పేర్చి ఈ పరీక్ష చేయకండి, అప్పుడు ఫలితం తలకిందులవుతుంది. సెరామిక్‌కూ అల్నికోకూ మధ్య ఈ పరీక్ష చేస్తుంటే కాస్త దూరంలోనే లాగుడు తెలిసిపోతుంది, గట్టిగా ఒత్తి పట్టుకోనవసరం లేదు.

11. కొత్త బార్‌ను దూర్చండి. మధ్యలో ఆగితే బలవంతం చేయొద్దు, నాలుగు స్క్రూలూ ఇంకో అర చుట్టు వదులు చేయండి. లోపలికి వెళ్లాక అది ఒక వైపు ఉక్కు పట్టీకీ, మరో వైపు స్లగ్‌లకూ తగులుతోందో లేదో టార్చి వేసి చూడండి. మధ్యలో గాలి సందు ఉంటే శబ్దం తగ్గుతుంది.

12. నాలుగు స్క్రూలను ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా బిగించండి. బాబిన్ ప్లాస్టిక్‌ది, ఎక్కువ బిగిస్తే మర పోతుంది. ఆ తర్వాత బార్‌ను వేలితో కదిపి చూడండి. అస్సలు కదలకూడదు.

13. గిటార్‌లో పెట్టే ముందే మళ్లీ రెసిస్టెన్స్ కొలవండి. ముందు రాసుకున్న అంకెకు దగ్గరగా ఉండాలి. మాగ్నెట్ వల్ల రెసిస్టెన్స్ మారదు. అయితే రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. పొద్దున ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర 8.0 చూపించిన పికప్, మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల దగ్గర 8.5 చూపిస్తుంది. దానికి టెన్షన్ పడొద్దు. అంకె సగానికి పడిపోయినా, మీటర్ అసలు ఏమీ చూపించకపోయినా మాత్రం ఆగండి, వైరు ఎక్కడో తెగింది లేదా షార్ట్ అయింది.

14. పికప్‌ను బిగించి, అవే గేజ్ కొత్త స్ట్రింగ్స్ వేసి, ఎత్తును ముందు రాసుకున్న అంకెకే పెట్టండి. ముందు అదే ఎత్తులో వినాలి. ఆ తర్వాతే సర్దుబాటు. అల్నికో 2, 3 వేసిన పికప్‌ను కొంచెం దగ్గరికి తేవచ్చు, లాగుడు తక్కువ కాబట్టి స్ట్రింగ్స్‌ను ఇబ్బంది పెట్టదు. 5, 8, సెరామిక్ అయితే కొంచెం దించి చూడండి.

ఫలితం ఎలా తేల్చాలి

మొదటి మెట్టులో రికార్డ్ చేసిన ముక్కలే మళ్లీ వాయించి రికార్డ్ చేయండి. తర్వాత రెండు ఫైళ్ల శబ్దం స్థాయి సమానం చేయండి. ఇది చేయకపోతే మిగతాదంతా వృథా. పెద్దగా వినిపించేది ఎవరికైనా మెరుగ్గానే అనిపిస్తుంది. అల్నికో 2 నుంచి 5కు మారినవాళ్లు ‘ప్రాణం వచ్చింది’ అంటారు. అందులో సగం వాల్యూమే.

సమానం చేశాక ఫైళ్ల పేర్లు తీసేసి, బ్యాండ్‌లో బేస్ వాయించేవాడికో, ఇంట్లో తమ్ముడికో ఇచ్చి, ఏది ఎప్పుడు ప్లే చేస్తున్నాడో చెప్పకుండా వినిపించమనండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు మీరు పట్టగలిగితే తేడా ఉన్నట్టే. ఐదో ఆరో అయితే లేనట్టే లెక్క. అప్పుడు పాత మాగ్నెటే పెట్టేసుకోండి, నష్టం ఏమీ లేదు.

వినేటప్పుడు ముందు పిక్ తగిలే క్షణాన్ని పట్టించుకోండి. రెండు రకాల మధ్య తేడా ఎక్కువగా అక్కడ తెలుస్తుంది. తర్వాత ఆరో స్ట్రింగ్ గెయిన్‌లో ఎంత బిగువుగా ఉందో వినండి. సస్టెయిన్ (స్వరం ఎంతసేపు నిలుస్తుందన్నది) పెరిగిందా అనేది మాత్రం చెవితో తేల్చుకునే విషయం కాదు, మన మనసు మనకు కావాల్సింది చెబుతుంది.

ఎక్కువగా వచ్చే ఇబ్బందులు

రెండు పికప్‌లూ కలిపి పెట్టినప్పుడు శబ్దం సన్నగా, రేడియోలోంచి వస్తున్నట్టు ఉంది, ఒక్కొక్కటిగా బాగానే ఉంది: మాగ్నెట్ తిరగబడింది. మళ్లీ విప్పి, బార్‌ను పొడవు ఇరుసు మీద ఒకసారి పొర్లించి పెట్టండి. పొర్లించడం, కొసలు మార్చడం రెండూ చేయకండి. చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. మూడో మెట్టులో రాసుకున్న ప్లస్సో మైనస్సో ఇక్కడ అక్కరకు వస్తుంది.

గెయిన్ పెంచితే కూత వస్తోంది: బార్ వదులుగా ఉంది, లేదా తోసేటప్పుడు మైనం రాలిపోయింది. స్క్రూలు చూడండి. అవి బిగువుగానే ఉంటే బార్ రెండు కొసల దగ్గర కరిగించిన మైనం చుక్కలు రెండేసి వేయండి. పికప్ మొత్తాన్ని మైనంలో ముంచడం మొదటిసారి చేసేవాళ్లకు వద్దు.

కొత్త మాగ్నెట్ వేశాక శబ్దం ముందుకంటే బాగా తగ్గింది: బార్ బలం తగ్గిపోయి ఉంటుంది. కొరియర్‌లో పది బార్లు ఎలాపడితే అలా ఒకచోట కుక్కి పంపితే ఇలా జరుగుతుంది. వచ్చిన వెంటనే దానితో ఒక చిన్న ఇనుప నట్టును ఎత్తి చూడండి, పాతదానితో పోల్చండి. తీసేసిన అల్నికో బార్‌ను దాచేటప్పుడు ఇనుప ముక్కకు అతికించి, టేపు మీద రకం, గిటార్ పేరు రాసి పెట్టండి.

ఎండల సంగతి కూడా చెప్పాలి. రోహిణి కార్తెలో కారు డిక్కీలో గిటార్ వదిలేస్తే అల్నికోకూ సెరామిక్‌కూ ఏమీ కాదు, అవి అంతకంటే చాలా ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. కానీ లోపలి మైనం మెత్తబడి జారొచ్చు, దాని తర్వాత కూత మొదలవ్వొచ్చు. నెక్ వంగడం వేరే కథ.

మరి స్పీకర్ మాగ్నెట్?

స్పీకర్‌లో మాగ్నెట్ మార్చడం ఇంట్లో కాదు, షాపులో కూడా కాదు. వాయిస్ కాయిల్ కదిలే సందు చాలా ఇరుకు, విప్పితే మళ్లీ మధ్యకు కూర్చోదు, ఒక్క ఇనుప రజను లోపలికి పోయినా గీరుతుంది. పైగా అల్నికో స్పీకర్ మాగ్నెట్‌ను చట్రం నుంచి విడదీస్తే బలం పోతుంది. మార్చాలంటే స్పీకర్ మొత్తాన్నీ మార్చాల్సిందే.

అంతకంటే ముందు ఒక ప్రశ్న. మీరు గిటార్‌ను ప్రాసెసర్‌లోంచి నేరుగా మిక్సర్‌కు ఇస్తున్నారా? మన దగ్గర చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో ఎక్కువమంది చేసేది అదే. అయితే స్పీకర్ మాగ్నెట్ చర్చ మీకు అక్కర్లేదు. మీ టోన్‌లో స్పీకర్ పాత్ర పోషించేది ప్రాసెసర్‌లోని క్యాబ్ (స్పీకర్ క్యాబినెట్) సెట్టింగ్. అక్కడ వేరే క్యాబ్ ఎంచుకుంటే స్పీకర్ మార్చినంత తేడా ఉచితంగా వస్తుంది.

సొంత యాంప్ ఉన్నవాళ్లకు: అల్నికో స్పీకర్ గట్టిగా వాయించినప్పుడు కొంచెం అణిగినట్టు, మెత్తగా ఉంటుందని పేరు. అది యాంప్‌ను బాగా పెంచినప్పుడు తెలిసే సంగతి. అపార్ట్‌మెంట్‌లో రాత్రి తొమ్మిదికి వాయించే స్థాయిలో దాని కోసం డబ్బు పెట్టకండి. సెలెషన్ కంపెనీ బ్లూ స్పీకర్ అల్నికోది, 15 వాట్లు, సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కు ఎంత శబ్దం చేస్తుందన్నది) 100 డెసిబెల్స్. అదే కంపెనీ వింటేజ్ 30 సెరామిక్‌ది, 60 వాట్లు, అదీ 100 డెసిబెల్సే. గ్రీన్‌బ్యాక్ కూడా సెరామిక్కే, 25 వాట్లు, 98. మూడూ మూడు రకాలుగా పలుకుతాయి. అంటే కోన్, వాయిస్ కాయిల్ తేడాలు మాగ్నెట్ తేడాను తేలిగ్గా మించిపోతాయి. అల్నికో స్పీకర్లకు అంత ధర ఉండడంలో టోన్ కంటే కోబాల్ట్ పాత్ర ఎక్కువ. 1970ల చివర్లో, అప్పుడు జైర్ అని పిలిచే కాంగోలో గొడవల వల్ల కోబాల్ట్ ధర ఎగబాకింది, అల్నికో స్పీకర్లు చాలావరకు పక్కకు తప్పుకున్నాయి.

నియోడిమియం స్పీకర్‌కు ఒక గట్టి కారణం ఉంది, బరువు. తెనాలిలో పెళ్లి అయ్యాక అర్ధరాత్రి క్యాబినెట్‌ను ఆటోలోకి ఎత్తేవాళ్లకు ఆ తేడా విలువ తెలుసు.

స్పీకర్ మార్చేవాళ్లు చూసుకోవాల్సినవి: ఇంపీడెన్స్ (ఓమ్స్) యాంప్ వెనక రాసిన అంకెకు సరిపోవాలి. వాట్లు యాంప్ కంటే ఎక్కువ ఉండాలి. మాగ్నెట్ లోతు కొలవండి, కొన్ని అల్నికో స్పీకర్ల వెనక భాగం పొడుగ్గా ఉండి యాంప్ ఛాసిస్‌కు తగులుతుంది. వాల్వ్ యాంప్ అయితే ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి నిలిచి ఉంటుంది, ఛాసిస్ తెరవకండి, తెలిసినవాళ్ల చేత చేయించండి. వైర్లు కలిపే ముందు 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం ఆనించండి. ప్లస్‌ను ప్లస్‌కు తాకిస్తే కోన్ బయటికి రావాలి, లోపలికి పోతే వైర్లు తారుమారు. 8 ఓమ్స్ స్పీకర్ మీటర్‌లో 6 నుంచి 7 మధ్య చూపిస్తుంది, అది లోపం కాదు. కొత్త స్పీకర్ మొదటి రోజు బిగుసుకుపోయినట్టు వినిపిస్తే వెంటనే తిప్పి పంపేయకండి, కొన్ని ప్రాక్టీసులు అయ్యాక మళ్లీ రికార్డ్ చేసి పోల్చండి.